కాగితంలో మా ఆయన

ఇదంతా ముందే ఎందుకు రాయలేదని మా పక్కింటావిడ అడుగుతుంది. రాయడానికి అక్షరాలు వస్తే కదా. అరవై రెండేళ్లు నిండేదాకా నా పేరు గోడ మీద రాసి ఉన్నా అది నాదని తెలియని మనిషిని. అక్షరాలు వచ్చాకైనా రాద్దామంటే మా వకీలమ్మ ఒప్పుకోలేదు. "కేసు తేలేదాకా నేను చెప్పినచోట తప్ప మీ చేత్తో ఎక్కడా ఏమీ రాయకండి అమ్మాజీ. వాళ్లు పట్టుకోవడానికి ఇంకో తప్పు దొరుకుతుంది" అంది. కేసు తేలింది. ఇక రాస్తాను.

కేసు ఏమిటంటే, నేను ఈ దేశపు మనిషినని ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని ప్రభుత్వమే రద్దు చేసింది. నేను చేసిన నేరం ఒక్కటే, పదిహేడేళ్ల వయసులో ఒక గుమాస్తా ముందు మొగుడి పేరు పలకకపోవడం.

నేను రంగూన్లో పుట్టాను. మావాళ్లు దాన్ని రంగం అనేవారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడికి కూలికి వెళ్లాడు. నాకు పదేళ్లప్పుడు మనవాళ్లు అక్కడ బతకలేని రోజులు వచ్చాయి. నాన్న అమ్మనూ నన్నూ తీసుకుని ఓడలో తిరిగి వచ్చేశాడు. అప్పకు అప్పటికే పెళ్లయిపోయింది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె అత్తవారు కదలలేదు కాబట్టి ఆమె కూడా అక్కడే ఉండిపోయింది. రేవులో నన్ను ఎత్తుకోబోయి, బరువెక్కానని దించేసింది. ఆమెను చూడటం అదే ఆఖరు.

నన్ను రాయ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషికి ఇచ్చారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో చెప్పారు, పై దేశంలో పుట్టిన పిల్ల కదా, ఇక్కడివాడి భార్యగా కలెక్టరు ఆఫీసులో నమోదు చేయించమని. మా ఆయన దరఖాస్తు రాయించి పెట్టాడు. పిలిచిన రోజు ఆయనకు డ్యూటీ. అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మా ఆయన పెట్టిన దరఖాస్తు ఎక్కడో లోపల ఫైల్లో ఉంది. గుమాస్తా మాత్రం రిజిస్టరు ముందేసుకుని అందరినీ నోటితో అడిగి రాసుకుంటున్నాడు.

"తోర్ గోసయ్యా కే నామ్ కా హే?" అన్నాడు.

ఛత్తీస్‌గఢీ నాకు అప్పటికి ఒక్క ముక్క రాదు. అత్త వైపు చూశాను.

"మీ ఆయన పేరడుగుతన్నాడే" అంది అత్త.

"మా ఆయనా?" అన్నాను నేను, ఆశ్చర్యపోయి. పేరు అడగడమేమిటి, నేను చెప్పడమేమిటి.

గుమాస్తా తల ఊపి రాసుకున్నాడు. మాయనా.

అది రాసేశాడని మా ఇద్దరికీ తెలియదు. "పేరు నువ్వు సెప్పత్తా" అని నేను గొణుగుతున్నాను. అత్త కళ్లెర్రజేసింది. మా ఆయనకు పెట్టింది వాళ్ల తాత పేరు. అంటే అత్తకు మామగారి పేరు. కన్నకొడుకునైనా ఆవిడ ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు, పెద్దోడా అనేది. చివరికి గుమాస్తాతోనూ "పెద్దోడు, పెద్దోడు" అని రెండుసార్లు చెప్పి చూసింది. అతను అప్పటికే నా వేలు పట్టుకుని సిరా పూస్తున్నాడు.

కాగితం ఇంటికి తెచ్చాం. మా ఆయన దాన్ని దీపం దగ్గర పెట్టి చదివి, పడీపడీ నవ్వాడు. "నీకెవడో కొత్త మొగుడు దొరికినాడే" అన్నాడు. ఊరికే ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఆ మాట ఆయన అలవాటే. మర్నాడు ఆ కాగితం పట్టుకుని వెళ్లి ఆ పేరు దిద్దించుకుని వస్తే సరిపోయేది. రేకు పెట్టెలో అడుగున పెట్టేశాడు. నలభై ఏళ్లకు పైగా అది అక్కడే ఉంది. ఆ బద్ధకం మీద నాకు ఇప్పటికీ కోపమే. చనిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు గాని, ఆ బద్ధకం వల్ల తిరిగింది నేను.

ఆయన పోయిన రెండేళ్లకు అప్ప ఫోను చేసింది. అంతకుముందు ఎప్పుడైనా ఉత్తరం, ఈమధ్య వాళ్ల మనవరాలి ఫోను మీద మాటలు.

"ఒలే, కళ్లు పోతన్నాయే నాకు" అంది. "డాకటరు సెప్పినాడు, ఒక కన్ను అయిపోనాది, రెండోది మెల్లగా పోతాదట. నీ మొకం ఒకసారి సూడాల. పూర్తిగా పోకముందే రా."

"వస్తానప్పా."

"ఎప్పుడు?"

"కాయితం చేయించుకుని వస్తాను."

అంత తేలిగ్గా అన్నాను. పాస్‌పోర్టుకు పెట్టాను. పోలీసు ఇంటికి వచ్చి, పుట్టింది రంగూన్ అని చూసి, పౌరసత్వం కాగితం ఏదన్నాడు. రేకు పెట్టె తీసి ఇచ్చాను. అతను దాన్నీ మా ఆయన పింఛను పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మాతాజీ, మీకు రెండు పెళ్లిళ్లా?" అన్నాడు.

చెంప పగలగొట్టాలనిపించింది. "ఒక్కదానికే దిక్కు లేదు నాయనా" అన్నాను. అతను నవ్వలేదు, రాసుకున్నాడు.

తర్వాత ఉత్తరం వచ్చింది. దాంట్లో ఏముందో చదివి చెప్పమని పక్కింటావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ విజయనగరం పిల్ల, నన్ను పిన్నీ అంటుంది, ఆదివారాలు మా తెలుగువాళ్ల హాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతుంది. చదివి, "పిన్నీ, మాయనా ఎవరు?" అంది.

"నాకేటి తెలుసు?"

"నీ మొగుడట."

మాయనా అనే మనిషి ఈ ఊళ్లో ఉన్నట్టు ఏ రికార్డూ లేదట. నేను అబద్ధపు భర్తను చూపించి నమోదు చేయించుకున్నానట. అందుకని నా కాగితం నిరస్తమట, అంటే రద్దు. పాస్‌పోర్టు దరఖాస్తు మూసేశారట. ఆవిడ రెండోసారి చదువుతుండగా నాకు దీపం దగ్గర మా ఆయన నవ్వు జ్ఞాపకం వచ్చింది. అప్పుడు అర్థమైంది, అంతకాలం తర్వాత, ఆ నవ్వు ఎందుకో.

కలెక్టరు ఆఫీసుకు వెళ్లి, ఆయన పెట్టిన పాత దరఖాస్తు తీయండి, దాంట్లో సరైన పేరు ఉంటుంది అన్నాను. ఫైలు భోపాల్‌లో ఉంటుంది, ఛత్తీస్‌గఢ్ విడిపోయినప్పుడు రాలేదు అన్నారు. భోపాల్‌కు రాస్తే, విడిపోయినప్పుడే రాయ్‌పూర్‌కు పంపించేశాం అన్నారు. రెండు జవాబులూ నా దగ్గర ఉన్నాయి. రెండిటికీ గుండ్రటి ముద్రలున్నాయి.

మా ఊళ్లోనే తెలీబంధాలో ఒక వకీలమ్మ ఉందని చెబితే వెళ్లాను. ముప్పై ఏళ్లుంటాయేమో, హిందీ పిల్ల. మొత్తం విని తల పట్టుకుంది.

"అంటే అమ్మాజీ, ఆయన పేరు అడిగితే మీరు 'మా ఆయన' అన్నారు. దానర్థం నా భర్త అని."

"అవును."

"కాగితం మీద భర్త పేరు దగ్గర 'నా భర్త' అని ఉంది."

"అవును."

"మరి అబద్ధం ఎక్కడుంది?"

ఆ మాట విని నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. బిలాస్‌పూర్ హైకోర్టులో వేసింది. నన్ను పిలవకుండా, నా మాట వినకుండా రద్దు చేయడం చెల్లదని ఆమె వాదన. వేలిముద్ర వేయించుకుంది. బిలాస్‌పూర్‌కు రైల్లో నాలుగుసార్లు వెళ్లాం. మూడుసార్లు మా వంతే రాలేదు. నాలుగోసారి జడ్జిగారు అయిదు నిమిషాల్లో తేల్చేశారు. ఈమెను పిలిచి, విని, మళ్లీ నిర్ణయించండి అని రాయ్‌పూర్‌కే పంపారు. గెలిచామంది వకీలమ్మ. గెలిస్తే మళ్లీ ఆ ఆఫీసుకే ఎందుకు వెళ్లాలో నాకు అర్థం కాలేదు.

"వెళ్లాలి అమ్మాజీ. అక్కడ మీరు భర్త పేరు మీ నోటితో చెప్పాలి. వాంగ్మూలం. అంతే, అయిపోతుంది."

"నువ్వు చెప్పకూడదా?"

"నా భర్తా ఆయన?"

బయట చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని నేను ప్రయత్నించాను. రాలేదు. ఇది భక్తి అనుకుంటారేమో, కాదు. ఆయన దేవుడేమీ కాదు. నలభై ఏళ్లు "ఏవండీ" అనీ, "ఇదిగో" అనీ, గిన్నె చప్పుడు చేసీ పిలిచాను. ఆ పేరు నా నోట్లో ఎన్నడూ లేదు. అలవాటు లేని వంటకు చెయ్యి తిరగనట్టే నాలుక తిరగలేదు. మా వీధిలో అదే పేరున్న పప్పు దుకాణం యజమానిని కూడా నేను "ఆ మూల దుకాణం" అనేదాన్ని.

అప్పుడు తట్టింది, పలకకూడదు గాని రాయకూడదని ఎవరూ అనలేదు కదా. పక్కింటావిడ దగ్గర కూర్చున్నాను.

"రాయడం నేర్పు."

"ఈ వయసులోనా? ఏం రాస్తావు పిన్నీ?"

"మీ బాబాయి పేరు."

ఆవిడ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మొగుడి పేరు కోసం ఓనమాలు దిద్దినదానివి నువ్వొక్కదానివే" అంది. ఆదివారం పిల్లల పుస్తకం తీసి, పలక ఇచ్చి, మొదటి నుంచే పట్టుబట్టింది. పేరొక్కటే నేర్పితే బొమ్మ గీసినట్టు ఉంటుంది, రాత కాదు అంది. ఆరు నెలలు పట్టింది. ర గుండ్రంగా రాలేదు, ల తోక నిలవలేదు. గుణింతాల దగ్గర ఏడ్చాను కూడా. చివరికి పక్కింటావిడ విజయనగరం నుంచి తెచ్చిన కూరల సంచీ మీద ఉన్న ఊరి పేరు దానంతటదే నా నోటికి వచ్చిన రోజు, ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

మధ్యలో అప్ప ఫోను. "ఏటి కాయితమే అది, ఇన్నేళ్లు పడతాదా? ఓడెక్కి వచ్చినప్పుడు మనల్నెవుడడిగినాడు?"

"నాను అక్షరాలు నేర్సుకుంటన్నానప్పా."

"నీకు మతి పోనాదేటి? నాను కళ్లు పోతన్నాయంటే నువ్వు సదువుకుంటన్నావా?"

ఫోను పెట్టేసి పలక ముందుకు లాక్కున్నాను.

విచారణ రోజు వచ్చింది. అధికారి మంచివాడే. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "పతి కా నామ్ బతాయియే" అన్నాడు. కాగితం తీసుకుని, ఆయన ఎదురుగా, తప్పు లేకుండా, ఇంటిపేరుతో సహా రాసి ఇచ్చాను. నా జీవితంలో అంత అందంగా ఎన్నడూ రాయలేదు.

ఆయన కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏ క్యా హై?"

"పేరు సాహెబ్."

"ఏ భాష?"

"తెలుగు."

"నాకు రాదే. చదివి వినిపించండి."

వకీలమ్మ నా వైపు తిరిగింది. ఆమె ముఖం చూస్తే తెలిసింది, ఆమెకూ ముందు తట్టలేదని. హిందీ ఆఫీసులో తెలుగు రాసి ఇవ్వడానికి నేను ఆరు నెలలు దిద్దాను. పక్కింటావిడకు హిందీ కూడా వచ్చు. నేనడిగింది రాయడం నేర్పమని, ఆవిడ నేర్పింది ఆవిడ రోజూ నేర్పేది. మా ఇద్దరికీ రాత అంటే తెలుగే. అధికారి మాత్రం ఫైల్లో రాసుకున్నాడు, పార్టీ, అంటే నేను, ఏదో తెలియని లిపిలో రాసి ఇచ్చింది అని. మూడు నెలల తర్వాతికి వాయిదా.

వకీలమ్మా నేనూ ఆటోలో తిరిగి వచ్చాం. దిగేముందు, "అమ్మాజీ, ఒక్కసారి నోరు తెరిస్తే అయిపోయేది. ఆయన లేరు కదా, ఎవరు వింటారు?" అంది.

"నేను వింటాను కదా" అన్నాను.

మూడు నెలల్లో హిందీ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు వచ్చాక అవి అంత కష్టం కాలేదు, పైన గీత గీయడమే విసుగు. మళ్లీ అదే గది, అదే అధికారి. ఈసారి హిందీలో రాసి ఇచ్చాను. ఆయన చూసి తల ఊపాడు. హమ్మయ్య అనుకున్నాను.

"ఇప్పుడు చదవండి."

"రాశాను కదా సాహెబ్."

"మీరే రాశారని ఎలా తెలుస్తుంది? బొమ్మలా గీశారేమో. హైకోర్టు మిమ్మల్ని వినమంది, చూడమనలేదు."

చదవమన్నాడు కదా, చదివాను. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చదివినట్టే, కూడబలుక్కుని. మొదటి అక్షరం చెప్పి, దానికి దీర్ఘం అని చెప్పి, రెండోది చెప్పి, దాని గుడి చెప్పి, అలా విడివిడిగా చివరిదాకా. అక్షరాలు పలికాను గాని పేరు పలకలేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

"కలిపి చెప్పండి" అన్నాడు.

మళ్లీ విడదీసి చదివాను.

"కలిపి, మాతాజీ."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి. పూరా నామ్."

వెనక ఫ్యాను టకటకమంటోంది. వకీలమ్మ కళ్లు మూసుకుంది. నాకు ఆ గుమాస్తా మీద, అత్త మీద, దీపం దగ్గర నవ్విన మనిషి మీద, రంగంలో ఒంటి కన్నుతో ఫోను పట్టుకుని కూర్చున్న అప్ప మీద, అందరి మీదా ఒకేసారి మండుకొచ్చింది. లేచి నిలబడి ఆ పేరు అరిచేశాను. వీధిలో తప్పిపోయిన పిల్లవాణ్ణి పిలిచినట్టు అరిచాను.

గది గుమ్మంలో నిలబడ్డ బంట్రోతు, సాహెబ్ తర్వాతి పార్టీని పిలుస్తున్నారనుకున్నాడు. వరండాలోకి తిరిగి, గొంతెత్తి, మా ఆయన పేరు పట్టి, "హాజిర్ హో!" అని కేకేశాడు. ఒకసారి కాదు, ఆఫీసు పద్ధతి ప్రకారం మూడుసార్లు.

బెంచీల మీద జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. నేను కూడా తలుపు వైపు చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను.

"గైర్ హాజర్ సార్" అన్నాడు బంట్రోతు లోపలికి వచ్చి.

అధికారి నవ్వు ఆపుకోవడానికి పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. వకీలమ్మ ఆపుకోలేకపోయింది. నేను కూర్చుని, మిగిలిన మంచినీళ్లు తాగాను. వాంగ్మూలం రాసుకున్నారు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. రద్దును రద్దు చేశారు. కొత్త కాగితం ఇచ్చారు, ఒక వైపు హిందీ, ఒక వైపు ఇంగ్లీషు. ఈసారి నేనే చదువుకున్నాను, వకీలమ్మ బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టుకుని. నా పేరు సరిగ్గా ఉంది. పుట్టిన ఊరు ఉంది. తర్వాత భార్య అని ఉంది. తర్వాత మా ఆయన పేరు, ఇంటిపేరు, ఒక్క అక్షరం తప్పు లేదు. తర్వాత ఇంకో మాట ఉంది. ఉరఫ్. దాని పక్కన మాయనా.

"ఉరఫ్ అంటే?"

"ఇంకో పేరు అని" అంది వకీలమ్మ మెల్లగా. "పాత రిజిస్టరులో ఉన్నది కొట్టేసే అధికారం తనకు లేదన్నాడు. రెండూ ఒకరే అని రాశాడు."

"ఆయనకు ఇంకో పేరు లేదు."

"తెలుసు. కావాలంటే దిద్దమని మళ్లీ వేద్దాం. న్యాయంగా మనమే గెలుస్తాం."

"ఎన్నాళ్లు?"

ఆమె రెండు అరచేతులూ పైకి తిప్పింది.

అక్కడి నుంచే అప్ప మనవరాలికి ఫోను చేశాను. అప్ప తీసుకుంది. కన్ను ఎలా ఉందన్నాను. "మనిసి వచ్చినట్టు తెలుస్తాది, ఎవరో తెలవదు. కిటికీ కాడ కూకుంటే కొంచెం తెలుస్తాది" అంది. కాగితం వచ్చిందని చెప్పాను. "తప్పుల్లేకుండా వచ్చినాదా?" అంది. వచ్చినాదప్పా అన్నాను.

"వద్దులే. ఇలాగే ఉండనీ" అన్నాను వకీలమ్మతో.

"ఖచ్చితంగానా అమ్మాజీ? ఆయన పేరు కోసం ఇంత చేసి?"

"ఆయన పేరు కోసం కాదు."

మర్నాడు పొద్దున్నే దేవేంద్ర నగర్‌లో ఇంటర్నెట్టు దుకాణం దగ్గరికి వెళ్లాను. ఇంకా షట్టరు ఎత్తలేదు. మెట్టు మీద కూర్చున్నాను. దుకాణమతను వచ్చి, ఊడ్చి, అగరుబత్తి వెలిగించి, కంప్యూటరు పెట్టాడు. పాస్‌పోర్టు దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి నింపమన్నాను. నేను చెబుతుంటే కొడుతూ పోయాడు. మొగుడి పేరు దగ్గర ఆగి నా వైపు చూశాడు. కాగితం ముందుకు జరిపాను.

"ఇందులో ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఒక్క అక్షరం తేడా రాకూడదు."

"ఏ మాయనా భీ?"

"హా, అది కూడా."

కొట్టాడు. పంపబోతుంటే ఆగమని, లేచి కంప్యూటరు అద్దం దగ్గరికి వెళ్లాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు ఇంకా రావు. ఒక వేలు కాగితం మీద, ఒక వేలు అద్దం మీద పెట్టి, రెండు చోట్లా ఆకారాలు ఒకటేనా అని ఒక్కొక్కటే సరిచూశాను. దుకాణమతను చాయ్ చెప్పి, తాగడం పూర్తి చేసేదాకా చూశాను. అన్నీ కలిశాయి.

నొక్కమన్నాను.